ముప్పై అయిదు రోజుల మంట

సంగారెడ్డి మండలంలోని ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గాభవాని గుడికి పేరుపడ్డ ఊరు. అక్కణ్ణుంచి నాలుక క్యాన్సర్ ఉన్న మనిషి ఒకరు చికిత్సకు బయలుదేరారనుకుందాం. ఆటోలో సంగారెడ్డి చేరాలి. బొంబాయి రోడ్డు మీద బస్సెక్కి, పటాన్‌చెరు ఫ్యాక్టరీలు దాటి లక్డీకాపూల్‌లో దిగాలి. అక్కణ్ణుంచి రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళాలి. పోను అరవై కిలోమీటర్ల పైమాటే, రాను అంతే. తోడు వచ్చే భార్యకు 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంలో బస్సు ఉచితం. రోగం ఉన్నాయన మాత్రం టికెట్ కొనుక్కోవాలి.

మనవాళ్ళు 'కరెంటు పెట్టడం' అని చెప్పుకునే రేడియేషన్ ఒక్క రోజులో అయిపోయేది కాదు. తల, మెడ క్యాన్సర్లకు పూర్తి మోతాదు సాధారణంగా 70 గ్రే. రోజుకు 2 గ్రే చొప్పున వారానికి 5 రోజులు ఇస్తే 35 సార్లు, అంటే 7 వారాలు. ముఖానికి అచ్చు తీసిన ప్లాస్టిక్ వల తొడిగి, దాన్ని బల్లకు బిగించి, తల కదలకుండా పడుకోబెడతారు. బల్ల మీద పని పావుగంటలో ముగుస్తుంది, కిరణం తగిలినట్టు కూడా తెలియదు. అందుకే మొదటి వారం అందరూ ధైర్యంగానే ఉంటారు. "ఇంతేనా" అని ఇంటికొచ్చి పప్పన్నం తింటారు. రెండో వారం దాటాక నోట్లో మంట మొదలవుతుంది. నాలుగో వారానికి గుటక వేయడమే గండమవుతుంది. కొందరు అక్కడే ఆగిపోతారు. పొద్దున బస్సు వస్తుంది, ఆ మనిషి ఎక్కడు.

ఈ వ్యాసం ఆ ఎక్కని బస్సు గురించే. క్యాన్సర్ నొప్పి అనగానే ఓర్చుకోవలసిన బాధగా, చివరి రోజుల సంగతిగా మాట్లాడుకోవడం మనకు అలవాటు. తల, మెడ క్యాన్సర్లలో ఆ లెక్క తప్పు. ఇక్కడ నొప్పి రోగిని బాధపెట్టి ఊరుకోదు, నయం కావలసిన జబ్బును నయం కానివ్వదు. నొప్పి మందు ఇక్కడ జాలితో ఇచ్చేది కాదు. అది కిరణాలతో పాటు, కీమోతో పాటు నడవవలసిన వైద్యం.

ముందు జబ్బు తెచ్చే నొప్పి సంగతి. ఏ క్యాన్సర్ రోగుల్లో నొప్పి ఎక్కువగా కనిపిస్తుందని పాత అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన 2007 నాటి సమీక్షలో తల, మెడ క్యాన్సర్లదే మొదటి స్థానం. నూటికి 70 మందికి నొప్పి ఉంది. ఇందులో వింత లేదు. పెదవి నుంచి స్వరపేటిక వరకు జానెడు మేరలో ఉన్నన్ని నరాల కొసలు ఒంట్లో ఇంకెక్కడా అంత దగ్గరగా ఉండవేమో. అన్నంలో ఇసుక రవ్వ ఉంటే పట్టేది ఆ నాలుకే. పైగా ఆ భాగాన్ని విశ్రాంతిగా ఉంచడం కుదరదు. కాలు విరిగితే కట్టు కట్టి కదలకుండా ఉంచుతాం. గొంతుకు కట్టు ఎలా కడతాం? మేలుకున్నా నిద్రపోతున్నా ఉమ్మి మింగుతూనే ఉండాలి.

చాలామందిలో జబ్బు మొదట బయటపడేది నోట్లో కాదు, చెవిలో. "చెవి పోటండీ" అని వస్తారు. చుక్కల మందు వేస్తారు, తగ్గదు. చెవిలో చూస్తే శుభ్రంగా ఉంటుంది. నాలుక నుంచి, కింది దవడ నుంచి కబురు మోసే అయిదో కపాల నరం చెవి ముందు భాగానికీ ఒక కొమ్మను పంపుతుంది. టాన్సిల్, నాలుక మొదలు కబుర్లను మోసే తొమ్మిదో నరానికి నడిమి చెవిలో ఒక శాఖ ఉంది. స్వరపేటిక దగ్గరి పదో నరానికి చెవి గొట్టంలో ఇంకొకటి ఉంది. ఒకే తీగ మీద రెండిళ్ళ ఫోన్లు ఉన్నట్టు, మెదడుకు ఏ ఇంటి నుంచి పిలుపు వచ్చిందో తెలియదు. నలభై దాటి, పొగాకు అలవాటున్న మనిషికి ఒకవైపు చెవి పోటు మూడు వారాలైనా తగ్గకపోతే నోరు తెరిపించి, నాలుక పక్కకు లాగి, టార్చి వేసి చూడడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు పెట్టకపోవడం వల్ల పోయే నెలలకు లెక్కలేదు.

గడ్డ కూడా ఊరికే ఉండదు. క్యాన్సర్ కణాలు తమ చుట్టూ ఆమ్లాన్ని పెంచుతాయి, ఎండోథెలిన్ వంటి రసాయనాలను, నరాలను పెంచే ప్రోటీన్లను వదులుతాయి. అవి నొప్పి నరాల కొసల్ని రెచ్చగొడతాయి. కొన్ని గడ్డలు నరం పొరలోకి దూరి దాని వెంటే పాకుతాయి. అప్పుడు నొప్పి తీరు మారిపోతుంది.

ఆ తీరు చెప్పడానికి మన భాషలో మాటలకు కొదవ లేదు. పుండు వాచి గుండె కొట్టుకున్నప్పుడల్లా లోపల కొట్టుకుంటే అది సలుపు. ఒక్కసారి గుచ్చినట్టు వస్తే పోటు. కారం పూసినట్టుంటే మంట. కండరం అలసి లాగితే తీపు. కరెంటు తీగ తగిలినట్టు దవడ నుంచి కణత దాకా జివ్వుమంటే, దాని పక్కనే చర్మం మొద్దుబారి ఉంటే, అది నరం నొప్పి. ఈ తేడా భాషాభిమానం కోసం చెప్పడం లేదు. సలుపుకు పనిచేసే పారాసిటమాల్ జివ్వుమనే నరానికి పెద్దగా పనిచేయదు. దానికి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి కావాలి. రోగి చెప్పిన మాటను 'పెయిన్' అని ఒక్క ముక్కగా చీటీ మీద రాసుకునే డాక్టరు సగం రోగ నిర్ధారణను చెత్తబుట్టలో వేసినట్టే.

నొప్పి ఎంత అన్నది ఇంకో చిక్కు. సున్నా నుంచి పది వరకు గీసిన గీత చూపించి "ఎంతుంది?" అంటే బడి మొహం చూడని పెద్దాయన తెల్లమొహం వేస్తాడు. "తాతా, రూపాయిల ఎన్నణాల నొప్పున్నది?" అంటే తడుముకోకుండా చెబుతాడు. "నిన్న పదహారణాలుండె బిడ్డా, గోలీ ఏసుకున్నంక ఆరణాలకొచ్చింది." అణాలు చలామణి పోయి అరవై ఏళ్ళు దాటినా ఈ లెక్క పోలేదు. ఇదీ శాస్త్రీయమైన కొలతే. ఒకే మనిషిని ఒకే కొలతతో రోజూ అడగడమే అందులో కీలకం.

ఇక వైద్యం తెచ్చే నొప్పి. రేడియేషన్‌కు క్యాన్సర్ కణానికీ మంచి కణానికీ తేడా తెలియదు. వేగంగా విభజన చెందే కణాన్ని ఎక్కువగా దెబ్బతీస్తుంది. నోటి లోపలి పొర ఒకటి రెండు వారాలకోసారి తనను తాను కొత్తగా కట్టుకుంటుంది. పై కణాలు రాలిపోతుంటే అడుగు వరసలోని మూలకణాలు వాటి స్థానం నింపుతుంటాయి. కిరణం తగిలిన మొదటి రోజే ఆ అడుగు వరసలో డి.ఎన్.ఏ. తెగుతుంది. కానీ పైన ఉన్న పాత కణాలు ఇంకా ఉంటాయి కాబట్టి ఏమీ తెలియదు. మొదటి వారం ధైర్యం అందుకే. అవి రాలిపోయాక నింపేవాళ్ళు లేక పొర పలచబడి, ఎర్రబడి, తెల్లని మీగడ లాంటి పొక్కుతో పుండు తేలుతుంది.

ఈ నోటిపూతను కేవలం కాలిన గాయంగా చూసేవారు ఒకప్పుడు. అమెరికా దంతవైద్య పరిశోధకుడు స్టీఫెన్ సోనిస్ దాన్ని అయిదు దశల ప్రక్రియగా వివరించాడు. కణం దెబ్బతింటుంది. దెబ్బతిన్న కణజాలం వాపు రసాయనాలను పిలుస్తుంది. ఆ రసాయనాలు తమను తామే పెంచుకుంటూ దెబ్బను రెట్టింపు చేస్తాయి. పుండు తెరుచుకుని నోట్లోని సూక్ష్మజీవులు అందులో కాపురం పెడతాయి. చివరికి మానుతుంది. కీమోగా సిస్‌ప్లాటిన్ కూడా ఇస్తే ఈ పూత మరింత తీవ్రమవుతుంది. చివరి వారాల్లో పతాక స్థాయికి చేరి, కిరణాలు ఆగాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు, కొందరిలో ఇంకా ఎక్కువ రోజులు ఉంటుంది. "కరెంటు అయిపోయింది కదా, ఇంకా మంట ఎందుకు?" అని ఇంట్లోవాళ్ళు కంగారు పడేది ఆ రోజుల్లోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 0 నుంచి 4 వరకు కొలుస్తుంది. గట్టి పదార్థం తినగలిగితే 2, ద్రవాలే దిగితే 3, నోటి ద్వారా ఏదీ దిగకపోతే 4. పుండు ఎంత వెడల్పు ఉందన్న దానికన్నా మనిషి ఏం తినగలుగుతున్నాడన్నదే ఇక్కడ కొలబద్ద.

మనిషి తినలేకపోతే బక్కచిక్కుతాడు. బక్కచిక్కితే అచ్చు తీసిన ముఖపు వల వదులవుతుంది, కిరణం గురి తప్పే ప్రమాదం వస్తుంది. నీరసంతో ప్రయాణం చేయలేక రెండు రోజులు మానేస్తాడు. ఆ రెండు రోజులు క్యాన్సర్‌కు సెలవు కాదు. చికిత్స మొదలుపెట్టిన సుమారు నాలుగు వారాల తర్వాత, మిగిలి ఉన్న క్యాన్సర్ కణాలు విభజన వేగం పెంచుకుంటాయని 1988లో రేడియేషన్ పరిశోధకుడు విథర్స్, ఆయన సహచరులు చూపించారు. ఆ పెరుగుదలను అణచడానికే రోజుకు సుమారు 0.6 గ్రే ఖర్చవుతుందని వారి అంచనా. మామూలు మాటల్లో చెప్పాలంటే, చికిత్స ఒక్క రోజు సాగితే గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం సుమారు నూటికి ఒక పాలు తగ్గుతుంది. వారం మానేస్తే ఎంతో లెక్క వేసుకోండి. నాలుగో వారంలో నోరు మండి బస్సెక్కని మనిషి, సరిగ్గా ఎక్కి తీరవలసిన వారంలోనే ఎక్కడం లేదు.

కాబట్టి నొప్పి వచ్చాక మందు వెతకడం కాదు, వచ్చే నొప్పికి ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఆ ఏర్పాటు పుక్కిలింతతో మొదలవుతుంది. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో చిన్న చెంచా ఉప్పు, చిన్న చెంచా తినేసోడా. దీనితో రెండు మూడు గంటలకోసారి, తిన్న ప్రతిసారీ పుక్కిలించి ఉమ్మేయాలి, మింగకూడదు. రోజూ కొత్తగా కలుపుకోవాలి. ఖర్చు రూపాయి ఉండదు. ఇది పుండును మాయం చేయదు. చిక్కటి ఉమ్మిని పలచన చేస్తుంది, నోట్లో ఆమ్లాన్ని తగ్గిస్తుంది, పాచిని కడుగుతుంది. బజారులో దొరికే ఘాటైన, స్పిరిట్ కలిసిన మౌత్‌వాష్ మాత్రం ముట్టవద్దు. పుండు మీద సారా పోసుకున్నట్టే.

దానిపై మెట్టు బెంజిడమిన్ ద్రవం. వాపు రసాయనాలను తగ్గించి కొంత మొద్దుబరుస్తుంది. 50 గ్రే వరకు రేడియేషన్ తీసుకునేవారికి పూతను నివారించడానికి అంతర్జాతీయ నిపుణుల సంఘం దీన్ని సిఫారసు చేసింది. తేనెను కూడా ఆ సంఘం 2020 మార్గదర్శకాల్లో సూచించింది. మన అమ్మమ్మలకు ఇది వింత వార్త కాదు గాని, మధుమేహం ఉన్నవాళ్ళు అడగకుండా మొదలుపెట్టకూడదు, నాకిన తర్వాత నోరు కడగకపోతే పళ్ళు పుచ్చుతాయి. తినడానికి ముందు నోటిని మొద్దుబార్చే లిగ్నోకెయిన్ జెల్ ఉపశమనం ఇస్తుంది. అయితే గొంతు లోపలి దాకా మొద్దుబారితే మెతుకు దారితప్పి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఉన్నట్టుండి మంట ఎక్కువై, నోట్లో పెరుగు తరకల్లా తెల్లగా కడితే అది చాలాసార్లు బూజు జాతి సూక్ష్మజీవి పని. దానికి నొప్పి మందు ఎంత పెంచినా లాభం లేదు, ఫ్లూకొనజోల్ లాంటి బూజు మందు పడితే రెండు మూడు రోజుల్లో తేడా తెలుస్తుంది.

తిండి గురించి డైట్ చార్టుల్లో 'మృదువైన ఆహారం' అని ఉంటుంది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఎల్లిపాయకారం తిన్న నోటికి ఆ మాటతో ఏం తెలుస్తుంది? రాగి జావ చిక్కగా కాచి, పాలు కలిపి, గోరువెచ్చగా. జొన్న గటకలో పెరుగు. పప్పు పలచగా మెదిపి కారం లేకుండా. ఉడికిన గుడ్డును పాలలో కొట్టి. చింతపండు, టమాట, నిమ్మ, మిరప ఆ ఏడు వారాలకు సెలవు. నొప్పి మందు వేసుకున్న అరగంట, ముప్పావుగంట తర్వాత కంచం ముందు కూర్చోవాలి. ఈ ఒక్క వరస మార్చుకుంటే చాలు, చాలామంది ఇంకో అరగ్లాసు తాగగలుగుతారు.

అప్పటికీ దిగకపోతే ముక్కు గొట్టం వేస్తారు. దాన్ని చూస్తేనే ఊళ్ళో చాలామందికి 'ఇక అయిపోయింది' అన్న భయం. అది తిండికి దారి, అంతే, పుండు మానాక తీసేస్తారు. ఆ ఇంట్లో మధ్యాహ్నం దృశ్యం ఇలా ఉంటుంది. భార్య మాత్రను రెండు చెంచాల మధ్య నలిపి పొడి చేస్తుంది. చిన్న గిన్నెలో నీళ్ళు కలిపి, సిరంజిలోకి తీసి, గొట్టంలో నెమ్మదిగా వదులుతుంది. వెంటనే ఇంకో సిరంజి నిండా మంచినీళ్ళు పంపి గొట్టం కడుగుతుంది, లేకపోతే పొడి గడ్డకట్టి మూసుకుపోతుంది. ఆమె చేతిలో ఉన్నది మామూలు మార్ఫిన్ మాత్ర అయితే ఇది సరైన పని. పన్నెండు గంటలు మెల్లగా వదిలే రకం మాత్ర అయితే మాత్రం నలిపితే రోజు మోతాదులో సగం ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. ఈ తేడాను మందుల కిటికీ దగ్గర ఎవరో ఒకరు ఆమెకు నోటితో చెప్పాలి. చీటీ మీద ఇంగ్లీషులో రాస్తే చెప్పినట్టు కాదు.

ఇక్కడ సంగారెడ్డి, పటాన్‌చెరు పల్లెల్లో రోజూ జరిగే ఒక సంగతి చెప్పాలి. రాత్రి నొప్పి పెరిగితే నగరం దూరం. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఉంటాడు. ఆయన మంచివాడే, పిలిస్తే వస్తాడు, సూది వేస్తాడు. ఆ సూదిలో చాలాసార్లు డైక్లోఫెనాక్ ఉంటుంది. నడుము నొప్పికి అది పనిచేసే మందే. కానీ ఈ రోగి సిస్‌ప్లాటిన్ తీసుకుంటున్నాడు. సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలను దెబ్బతీసే మందు, అందుకే దాన్ని సెలైన్ బాటిళ్ళతో కలిపి ఇస్తారు. అసలే నీళ్ళు తాగలేని మనిషికి, దెబ్బతిన్న కిడ్నీల మీద డైక్లోఫెనాక్ పడితే కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పెరుగుతుంది. అది పెరిగితే తర్వాతి కీమో ఆగుతుంది. కిడ్నీ మందగిస్తే మార్ఫిన్ అవశేషం ఒంట్లో పేరుకుని మనిషి మత్తుగా పడి ఉంటాడు. ఒక్క రాత్రి సూది ఇన్నిటికి మొదలు. కీమో ఫైలు అట్ట మీద 'డైక్లోఫెనాక్, బ్రూఫెన్ వద్దు' అని ఎర్ర సిరాతో తెలుగులో రాసి ఇచ్చే ఆసుపత్రి ఉంటే దానికి దణ్ణం పెట్టవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి మూడు మెట్ల నిచ్చెన వేసింది. మొదటి మెట్టు పారాసిటమాల్ లాంటివి, రెండోది కోడీన్, ట్రమడాల్ లాంటివి, మూడోది మార్ఫిన్. నోటి ద్వారా, వేళ ప్రకారం, మెట్టు ప్రకారం ఇవ్వాలన్నది సూత్రం. నొప్పి తీవ్రంగా ఉంటే రెండో మెట్టు దగ్గర కాలయాపన అక్కర్లేదని, తక్కువ మోతాదు మార్ఫిన్‌తోనే మొదలుపెట్టవచ్చని ఇప్పుడు చాలామంది వైద్యులు భావిస్తున్నారు. నోటిపూత ఆ కొలతలో 3కు చేరిన వ్యక్తికి అంతకన్నా తక్కువతో ఒరిగేది ఉండదు. 'వేళ ప్రకారం' అన్న మాట మీద ఆగాలి. మామూలు మార్ఫిన్ ప్రభావం సుమారు నాలుగు గంటలు. నొప్పి వచ్చాక వేసుకుంటే ఎప్పుడూ నొప్పి వెనకాల పరుగెత్తడమే. గడియారం చూసి వేసుకుంటే నొప్పి తల ఎత్తకముందే తర్వాతి మోతాదు అందుతుంది.

"మార్ఫినా? అలవాటు పడిపోతాడు" అన్న మాట ఇంటివాళ్ళ కన్నా ముందు కొందరు డాక్టర్లే అంటారు. నొప్పి ఉన్న మనిషికి వైద్యుడి పర్యవేక్షణలో ఇచ్చే మార్ఫిన్ వ్యసనానికి దారితీయడం అరుదు. పూత మానాక మోతాదు మెల్లగా తగ్గిస్తూ ఆపేస్తారు. మొదటి రెండు మూడు రోజులు వికారం, మగత ఉండి తగ్గిపోతాయి. తగ్గనిది మలబద్ధకం ఒక్కటే. కాబట్టి మార్ఫిన్‌తో పాటే విరేచనం మందు రాయాలి. అది రాయని చీటీ సగం చీటీ. ఇంకో హెచ్చరిక మన ప్రాంతానిదే. ఉమ్మడి మెదక్, నిజామాబాద్ జిల్లాల్లో అల్‌ప్రాజొలాం కలిపిన కల్తీకల్లు కేసులు ఎన్నోసార్లు బయటపడ్డాయి. మార్ఫిన్ మీద అలాంటి కల్లు తాగితే శ్వాస మందగించి ప్రాణం మీదికి వస్తుంది. "సాయంత్రం ఒక సీసా తాగుతవా?" అని డాక్టరు మొహమాటపడకుండా అడగాలి, ఇంట్లోవాళ్ళు దాచకుండా చెప్పాలి.

ఇంత చవకైన మందు ఎందుకు దొరకదన్నది న్యాయమైన ప్రశ్న. చట్టబద్ధంగా నల్లమందు పండించే దేశాల్లో మనదొకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ఆ పంట ఉంది, ఘాజీపూర్, నీమచ్‌లలో ప్రభుత్వ కర్మాగారాలున్నాయి. మార్ఫిన్ ముడిసరుకు విదేశాలకు ఎగుమతి చేసేవాళ్ళం. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక, ఒక్కో విడత సరుకుకు నాలుగైదు రకాల లైసెన్సులు, చిన్న లెక్క తేడాకు జైలుభయం తోడై, పన్నెండేళ్ళలో దేశంలో వైద్య అవసరాల మార్ఫిన్ వాడకం పదో వంతు కన్నా కిందికి పడిపోయింది. మత్తు వ్యాపారిని పట్టుకోవడానికి వేసిన వలలో రోగి చిక్కుకున్నాడు. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివారు ఏళ్ళ తరబడి పోరాడిన ఫలితంగా 2014లో చట్టం సవరించారు. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్ సహా ఆరు మందులను అత్యావశ్యక మత్తుమందులుగా గుర్తించి, రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి ఒక్కరి అనుమతి చాలన్నారు. చట్టం మారి దశాబ్దం దాటింది. చాలా ఆసుపత్రుల మందుల గదుల్లో భయం మాత్రం 1985లోనే ఆగిపోయి ఉంది.

తెలుగు నేల మీద నొప్పి తగ్గించే ఈ పని గట్టిగా మొదలైంది రెడ్‌హిల్స్‌లోనే. 1955లో మెహదీ నవాజ్ జంగ్ చొరవతో ఏర్పడిన ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలాట్ నడిపించిన ఉపశమన వైద్య విభాగం రాష్ట్రమంతటికీ శిక్షణ కేంద్రమైంది. భారతదేశంలో నొప్పి నివారణ స్థితిగతులపై హ్యూమన్ రైట్స్ వాచ్ 2009లో వెలువరించిన నివేదికలో హైదరాబాద్ రోగుల మాటలున్నాయి. తర్వాత తెలంగాణ ప్రభుత్వం జిల్లా ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేంద్రాలను, ఇళ్ళకు వెళ్ళే 'ఆలన' వాహనాలను ఏర్పాటు చేసింది. నగరంలో బంజారాహిల్స్ రోటరీ క్లబ్ స్థాపించిన స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా సేవ చేస్తోంది. అయితే 'పాలియేటివ్' అనగానే చావు గది అనుకోవడం ఇంకా పోలేదు. బోస్టన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు మొదటి నుంచే ఉపశమన వైద్యం కలిపి ఇస్తే వారి జీవనం మెరుగుపడడమే కాక రెండున్నర నెలలకు పైగా ఎక్కువ బతికారని 2010లో తేలింది. అది వేరే క్యాన్సర్. అయినా ఆ విభాగం తలుపు ఎప్పుడు తట్టాలో చెప్పడానికి ఆ ఫలితం పనికొస్తుంది.

ఆపరేషన్ తర్వాతి నొప్పి గురించి క్లుప్తంగా. నోటి క్యాన్సర్‌లో మెడ గ్రంథులను కూడా ముందే తీసేస్తే ఎక్కువమంది బతుకుతారని ముంబయి టాటా ఆసుపత్రి 2015లో రుజువు చేసింది. ఆ శస్త్రచికిత్సలో భుజాన్ని ఎత్తే పదకొండో కపాల నరం లాగుడుకు గురవుతుంది. భుజం జారుతుంది, తీపులు తీస్తుంది. మాత్రలకన్నా గోడ మీద వేళ్ళు పాకించే రోజువారీ వ్యాయామం దానికి మందు. రేడియేషన్ తర్వాత దవడ బిగుసుకుపోవడం ఇంకో బాధ. మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టాలి. పట్టకపోతే ఐస్‌క్రీం పుల్లలు పేర్చి పళ్ళ మధ్య పెట్టి, వారానికి ఒక పుల్ల పెంచే పద్ధతి ఫిజియోథెరపిస్టులు నేర్పుతారు. పుచ్చిన పళ్ళు రేడియేషన్‌కు రెండు మూడు వారాల ముందే పీకించుకోవాలి. తర్వాత పీకితే దవడ ఎముక మానకుండా కుళ్ళే ప్రమాదం ఏళ్ళ తరబడి ఉంటుంది. సంగారెడ్డిలోనే దంతవైద్య కళాశాల ఉంది కాబట్టి ఆ పనికి నగరం దాకా పోనక్కర్లేదు.

ఫ్యాక్టరీల సంగతి ఎత్తకుండా పటాన్‌చెరు గురించి రాస్తే ఈ ప్రాంతంవాళ్ళు ఊరుకోరు. నక్కవాగు నీళ్ళ కాలుష్యం కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన నేల ఇది. గంధకామ్లం ఉన్న ఆమ్లాల ఆవిరి తుంపర స్వరపేటిక క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1992లోనే తేల్చింది. అలాంటి షెడ్డుల్లో పనిచేసేవారి గొంతు బొంగురును తేలిగ్గా తీసుకోకూడదు. అయినా నోటి క్యాన్సర్ల విషయంలో పెద్ద ముద్దాయి గుట్కా, జర్దా, ఖైనీ, బీడీలే. 2022లో దేశంలో 1.4 లక్షలకు పైగా కొత్త నోటి క్యాన్సర్లు నమోదైనట్టు అంచనా. రాత్రి షిఫ్టులో నిద్ర ఆపుకోవడానికి దవడలో పెట్టిన పొట్లమే చాలామందికి మొదలు. చికిత్సలో ఉండగా మానకపోతే పూత ఇంకా ముదురుతుంది.

బ్రిటన్‌లో ఆధునిక హాస్పిస్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన సిసిలీ సాండర్స్ శరీరం బాధతో పాటు మనసు, కుటుంబం, డబ్బు బాధలను కూడా నొప్పి లెక్కలోనే వేసింది. షిఫ్టు పోతే కూలి పోతుందన్న దిగులు నొప్పిని పెంచుతుంది, అది మాత్రతో పోదు. ఈఎస్‌ఐ చందా కట్టే కార్మికుడికి మామూలు అనారోగ్య భత్యం 91 రోజులే. క్యాన్సర్‌తో సహా 34 దీర్ఘకాలిక జబ్బులకు, అర్హత ఉంటే రెండేళ్ళ దాకా 80 శాతం వేతనం వస్తుంది. ఆరోగ్యశ్రీ వైద్యం ఖర్చు భరిస్తుంది గాని ఇంటి పొయ్యి వెలిగించదు. ఈ భత్యం ఉందని తెలియక చికిత్స మధ్యలో పనికి పోయే మనిషికి మార్ఫిన్ గురించి చెప్పి ఏం లాభం?

ఇది చదువుతున్నవారి ఇంట్లో ఎవరికైనా తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ మొదలవబోతుంటే, మూడో వారం మంట దాకా ఆగవద్దు. అచ్చు తీసే రోజునే మూడు ప్రశ్నలు అడగండి. నొప్పి డాక్టరు ఎవరు, ఏ గదిలో ఉంటారు? రాత్రి నొప్పి వస్తే ఏ మందు వేయాలి, ఏది వేయకూడదు? సంగారెడ్డి ప్రభుత్వ ఆసుపత్రిలో కొనసాగించుకోవడానికి చీటీ రాసిస్తారా? జవాబులు తెలుగులో రాయించుకుని ఫైలు మొదటి పేజీకి పిన్ను కొట్టండి. ఒక జిరాక్సు ఊళ్ళో ఆర్‌ఎంపీ చేతికివ్వండి.